ప్రళయం తర్వాత మనిషి: నెల్లూరు తీరం చెప్పే విశేషాలు

● 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’ దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు పుట్టింది నెల్లూరు జిల్లాలో. సమర్పకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కూడా నెల్లూరు బిడ్డే. ఆ సినిమా అనగానే రాయలవారి కొలువే గుర్తొస్తుంది. కానీ కాలయంత్రం 2504కూ వెళుతుంది. మూడో ప్రపంచ యుద్ధం మిగిల్చిన అణుధార్మికతకు భయపడి అక్కడి మనుషులు నేల కింద బతుకుతుంటారు.

● సింగీతానికి స్ఫూర్తి హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషీన్’. డార్విన్‌ను గట్టిగా సమర్థించిన టి.హెచ్. హక్స్‌లీ దగ్గర వెల్స్ జీవశాస్త్రం చదివారు. ఆయన ఊహించిన 8,02,701వ సంవత్సరంలో మనుషులు రెండు జాతులుగా చీలిపోతారు. పైన ఏ పనీ చేతకాని ఎలాయ్‌లు, కింద యంత్రాలు నడిపే మోర్లాక్‌లు. కష్టపడేవాళ్లకూ సుఖపడేవాళ్లకూ మధ్య తరతరాలుగా పెరిగిన దూరమే ఆ చీలికకు మూలం.

● 1991 నుంచి 2504 దాకా 513 ఏళ్లు. పాతికేళ్లకో తరం అనుకుంటే సుమారు 20 తరాలు. మన ఒళ్లు పెద్దగా మారడానికి అది చాలా తక్కువ. సమాజం తలకిందులు కావడానికి మాత్రం ఎక్కువే.

● ఇవి ఊహలు. మనిషి నిజంగా దాటిన ప్రళయమూ ఒకటుంది: సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద నేటి నంద్యాల జిల్లా జ్వాలాపురంలో పొరగా దొరికింది. దాని కింద రాతి పనిముట్లున్నాయి, పైనా ఉన్నాయి. రెండింటి తీరూ దాదాపు ఒకటే. ఆ ఉత్పాతాన్ని తట్టుకుని ఇక్కడ మనుషులు నిలిచారని 2007లో పరిశోధకులు వాదించారు.

● మళ్లీ నెల్లూరు తీరానికొస్తే, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను థాయిలాండ్ సింధుశాఖలో పుట్టింది. నేడు అలాంటి వాటిని ఆకాశం నుంచి గమనించే ఇన్‌శాట్-3డీఆర్ (2016), ఇన్‌శాట్-3డీఎస్ (2024) ఉపగ్రహాలు ఎగిరింది ఇదే తీరంలోని శ్రీహరికోట నుంచి. ముందే తెలుసుకుని పదిమందికీ చెప్పడం మన జాతి నేర్చుకున్న గొప్ప రక్షణ. దానికి వేల తరాలు ఆగక్కర్లేదు.

● 2024లో నాగ్ అశ్విన్ తీసిన ‘కల్కి 2898 ఏడీ’లో గంగ ఎండిపోతుంది. నీళ్లూ పచ్చదనమూ పైనున్న ‘కాంప్లెక్స్’కు చేరతాయి, కింద కాశీ జనం అల్లాడతారు. వెల్స్ భయపడిన చీలిక ఇక్కడా ఉంది. విపత్తును దాటే సత్తా మనిషికి ఉందని జ్వాలాపురం రాళ్లు చెబుతున్నాయి. దాటాక నీళ్లనూ నీడనూ అందరికీ పంచుతామా అన్నదే ఈ కథలు మనల్ని అడిగే ప్రశ్న. దానికి జవాబు ఇప్పుడే, మన చేతల్లోనే ఇవ్వాలి.