ఆకలి తీర్చే సంస్థకి లోగో, పోస్టర్ చేస్తున్నారా? ముందు ఇది వినండి

ఈ రోజు ఎపిసోడ్‌లో, భోజనం పెట్టే ఒక సేవా సంస్థకి లోగో, పోస్టర్ ఎలా చెయ్యాలో మాట్లాడుకుందాం. ఫోన్‌లో యాప్ ఉంది, అందులో టెంప్లేట్లు ఉన్నాయి, పది నిమిషాల పనే కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఆ పది నిమిషాల్లో నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ల క్రితం మా ఫ్రెండ్స్ కొందరు ఒక పెద్దాసుపత్రి బయట, పేషెంట్ల వెంట వచ్చినవాళ్లకి మధ్యాహ్నం భోజనం పెట్టేవాళ్లు. విరాళాల కోసం ఒక పోస్టర్ కావాలన్నారు. నేను వెళ్లి ఫొటోలు తీశాను. లైన్లో ఒక పెద్దాయన ఉన్నారు. చేతిలో ప్లేటు, మాసిన గడ్డం, మొహం నిండా అలసట. ఫొటో చాలా బాగా వచ్చింది. దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి, కింద ఎర్రటి అక్షరాలతో 'ఈయన ఆకలి మీకు కనిపిస్తోందా?' అని పెట్టాను. అందరి స్టేటస్‌లలోనూ తిరిగింది. డబ్బులు కూడా వచ్చాయి.

నాలుగో రోజు ఆ పెద్దాయన నన్ను వెతుక్కుంటూ వచ్చారు. 'బాబూ, ఆ బొమ్మ తీసెయ్యడానికి వీలవుతుందా?' అన్నారు. ఆయన రైతు. భార్యకి ఆపరేషన్ అయ్యి వార్డులో ఉంది. ఆ పోస్టర్ వాళ్ల ఊరి గ్రూపులోకి వెళ్లిందట. చూసి వియ్యంకుడు ఫోన్ చేశాడట. 'మా ఇంట్లోనే రోజూ నలుగురు తినిపోయేవాళ్లు బాబూ' అన్నారు. అంతే, ఒక్క మాట కూడా తిట్టలేదు. మర్నాటి నుంచి లైన్లోకి రాలేదు.

పోస్టర్ డిలీట్ చేశాను. కానీ వాట్సాప్‌లో ఒకసారి ఫార్వర్డ్ అయ్యాక ఇంక డిలీట్ చేసి ఏం లాభం చెప్పండి?

అప్పటి నుంచి ఒక్క విషయం గట్టిగా పట్టుకున్నాను. ఇలాంటి పోస్టర్‌ని ఇద్దరు చూస్తారు. ఇచ్చేవాళ్లు, తినేవాళ్లు. మనం మాత్రం ఎప్పుడూ ఇచ్చేవాళ్ల కోసమే డిజైన్ చేస్తాం. తినడానికి వచ్చిన మనిషి ఆ పోస్టర్ పక్కన సిగ్గుపడకుండా నిలబడగలడా? ఈ రోజు నేను చెప్పే ప్రతి టిప్పూ ఈ ప్రశ్నలోంచే వస్తుంది.

ఇది నా ఒక్కడి గొడవ కాదండి. 1984లో ఇథియోపియా కరువు దృశ్యాలు టీవీల్లో చూసి ప్రపంచమంతా కదిలిపోయింది. 1985 జులైలో లండన్, ఫిలడెల్ఫియాల్లో లైవ్ ఎయిడ్ కచేరీలు పెట్టి పెద్ద ఎత్తున విరాళాలు పోగుచేశారు. సాయం అందింది, అది నిజం. కానీ ఆ తర్వాత చాలామందికి ఇథియోపియా అనగానే ఎముకలు తేలిన పిల్లల బొమ్మే గుర్తొచ్చేది. అక్కడ బతికే మనుషులకి ఇంకే గుర్తింపూ మిగల్లేదు. దీని మీద చాలా ఏళ్లు చర్చ నడిచింది. చివరికి 2006లో యూరప్ స్వచ్ఛంద సంస్థలు, ఫొటోలు ఎలా వాడాలనే దాని మీద ఒక నియమావళి ఒప్పుకున్నాయి. దాని సారం ఏంటంటే, ఫొటోలో ఉన్న మనిషి పరువు ముందు, మన ప్రచారం తర్వాత.

మన దేశంలో చట్టం కూడా ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల్ని గుర్తుపట్టేలా పేరు, ఊరు, స్కూలు, ఫొటో లాంటివి మీడియాలో బయటపెట్టకూడదు. పెడితే శిక్ష ఉంటుంది. అంటే రోడ్డు పక్కన పాపని ఫొటో తీసి 'ఈ చిన్నారికి అన్నం పెట్టండి' అని పోస్ట్ చెయ్యడం, మన మనసులో ఎంత మంచి ఉద్దేశం ఉన్నా, చాలా జాగ్రత్తపడాల్సిన విషయం.

సరే, ఇప్పుడు లోగోకి వద్దాం. యాప్‌లో 'ఫుడ్ చారిటీ' అని కొడితే ఏమొస్తాయి? చాచిన చెయ్యి, గిన్నె, గుండె, గోధుమ కంకి. గోధుమ కంకి తప్పేమీ కాదు. రోమ్‌లో ఉన్న ఆహార, వ్యవసాయ సంస్థ, అదే ఎఫ్‌ఏఓ లోగోలో ఉండేది అదే. ప్రపంచ ఆహార కార్యక్రమం లోగోలో కంకులు పట్టుకున్న చెయ్యి ఉంటుంది. ఆ సంస్థకి 2020లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. గమనించారా? పని ఆకలి మీదే అయినా, ఈ రెండు లోగోల్లోనూ ఆకలితో ఉన్న మొహం లేదు. ధాన్యం ఉంది.

అయితే మనం తినేది అన్నం. వరి కంకికీ గోధుమ కంకికీ తేడా పొలం చూసిన ఎవరైనా చెప్పేస్తారు. గోధుమ కంకి నిటారుగా నిలబడుతుంది, వరి కంకి పండాక కిందికి వంగుతుంది. కోనసీమలోనో మిర్యాలగూడలోనో పనిచేసే సంస్థకి గోధుమ కంకి లోగో పెడితే, అది ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు ఉంటుంది. ఆ వంపు మీరే గీసుకోండి, ఒక్క గీతే కదా.

ఇంకో పెద్ద తేడా, గిన్నెకీ విస్తరికీ ఉన్నది. చేతిలో గిన్నె పట్టుకుని చాస్తే మన కళ్లకి అది భిక్షాపాత్ర. అదే విస్తరి వేశారంటే, పిలిచి కూర్చోబెట్టి వడ్డిస్తున్నారని అర్థం. తినేది అదే అన్నం. కానీ ఒక బొమ్మలో మనిషి యాచకుడు, ఇంకో బొమ్మలో అతిథి. 1841 నుంచి 1909 దాకా బతికిన డొక్కా సీతమ్మ గారు గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, దారిన పోయేవాళ్లకి అన్నం పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ స్కూళ్లలో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు. ఇన్నేళ్లయినా జనం ఆమెని ఎందుకు తలుచుకుంటున్నారు? ఇంటికొచ్చినవాళ్లని అతిథుల్లా చూశారు కాబట్టి. లోగోలో రావాల్సింది ఆ భావం.

రంగుల విషయంలో ఒక లోకల్ సమస్య ఉంది. మన రెండు రాష్ట్రాల్లో రంగు అంటే పార్టీ. పంచాయతీ ఆఫీసుల రంగుల గొడవ 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, గుర్తుందా? మీరు ముచ్చటపడి రెండు రంగులు కలిపితే, ఊళ్లో సగం మంది 'ఓహో, వాళ్లదా' అనేస్తారు. కాబట్టి ఫైనల్ చేసే ముందు ఆ రంగుల కాంబినేషన్‌ని ఊళ్లో ఒక పదిమందికి చూపించండి. అలాగే అన్ని మతాలవాళ్లూ తినడానికి రావాలనుకుంటే, ఒక్క మతం గుర్తు మాత్రమే పెట్టకండి.

ఇప్పుడు లోగోకి మూడు పరీక్షలు. ఒకటి, గోరు పరీక్ష. వాట్సాప్ డీపీలో అది గోరంత గుండ్రంగా కనిపిస్తుంది, మూలలు కత్తిరించేస్తుంది. ఆ సైజులో అర్థమవుతోందా? రెండు, రబ్బరు స్టాంపు పరీక్ష. రసీదు పుస్తకం మీద, అన్నం డేగిసా మీద, టీషర్టు మీద అదే లోగో ఒక్క రంగులో పడాలి. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగు పెరిగినకొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు ఎవరి అన్నంలోంచి వస్తుందో ఆలోచించండి. మూడు, ఫ్లెక్సీ పరీక్ష. పీఎన్‌జీ ఫైల్‌ని పది అడుగులకి సాగదీస్తే గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. వెక్టర్ ఫైల్, అంటే ఎస్‌వీజీ, ఎంత పెంచినా చెక్కుచెదరదు. కంప్యూటర్ ఉంటే ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేసుకోవచ్చు.

చట్టం కూడా చూసుకోండి. మూడు సింహాల గుర్తు, రెడ్ క్రాస్ గుర్తు మన ఇష్టానికి వాడుకునేవి కావు. రెండింటికీ విడివిడిగా చట్టాలున్నాయి.

తెలుగు అక్షరాల దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఇంగ్లీషు కోసం చేసిన టెంప్లేట్‌లో తెలుగు పెడితే, పై లైను ఒత్తులు వచ్చి కింది లైను గుడుల మీద పడతాయి. లైన్ల మధ్య గ్యాప్ పెంచండి. చిన్న సైజులో లావు ఫాంట్ వాడితే ఒత్తు పూడుకుపోయి మచ్చలా కనిపిస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, మండలి, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. హెడ్డింగ్‌కి రామభద్ర లాంటి లావుది, వివరాలకి మండలి లాంటి సన్నది పెట్టుకుంటే సరిపోతుంది. ప్రెస్సుకి పంపేటప్పుడు పీడీఎఫ్ పంపండి. కొన్ని డీటీపీ సెంటర్లలో ఇంకా పాత, యూనికోడ్ కాని ఫాంట్లే నడుస్తున్నాయి. మీరు పంపిన టెక్స్ట్ అక్కడ పిచ్చి గుర్తులుగా మారిపోవచ్చు.

ఇక పోస్టర్. దీనికి ఒకటే రూల్: ఒక పోస్టర్, ఒక మనిషి, ఒక పని. మనం చేసే తప్పేంటంటే విరాళం, వాలంటీర్లు, మిగిలిన భోజనం, సెంటర్ అడ్రస్ అన్నీ ఒకే దాంట్లో కుక్కేస్తాం. ఎవరూ ఏదీ చదవరు. వేర్వేరుగా చెయ్యండి.

మొదటిది, డబ్బు ఇచ్చేవాళ్లకి. ఒక భోజనానికి మీకు నిజంగా ఎంత ఖర్చవుతుందో లెక్కేసి ఆ అంకె పెద్దగా పెట్టండి. ఏడిపించే మొహం కన్నా నిజాయితీగా ఉన్న అంకె బాగా పనిచేస్తుందని నా అభిప్రాయం. క్యూఆర్ కోడ్ సైజుకి ఒక చిట్కా: ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు ఉండాలి. మీటరు దూరానికి 10 సెంటీమీటర్లు. స్కాన్ చేశాక ఫోన్‌లో వచ్చే పేరూ, పోస్టర్ మీది పేరూ ఒకటే ఉండాలి. వేరే ఎవరిదో సొంత పేరు వస్తే జనం అక్కడే ఆగిపోతారు, ఆగాలి కూడా. సంస్థకి 80జీ ఉంటే ఆ మాట రాయండి. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే ఆ పన్ను మినహాయింపు రాదని కూడా చెప్పండి.

రెండోది, ఫంక్షన్ హాళ్లకి, కేటరింగ్ వాళ్లకి. వండిన పదార్థాన్ని గది వేడిమిలో రెండు గంటలకి మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మిగిలిన ఆహారం పంచడానికి మన దేశంలో 2019లో ఆహార భద్రతా సంస్థ నిబంధనలే తెచ్చింది. అంటే అర్ధరాత్రి గిన్నెలు కడిగే టైముకి ఫోన్ చేస్తే లాభం లేదు. అందుకే పోస్టర్ మీద 'అన్నం మిగిలితే ఫోన్ చేయండి' అని రాయకండి. 'చివరి బంతి మొదలవగానే ఫోన్ చేయండి' అని రాయండి. మార్చింది మూడు మాటలే, కానీ పాడయ్యే అన్నం కాస్తా తినే అన్నం అవుతుంది.

మూడోది అందరూ మర్చిపోయేది, తినేవాళ్లకి. ఇందులో ఏముండాలి? 'భోజనం ఇక్కడ. మధ్యాహ్నం 12:30 నుంచి 2 దాకా. ఎవరైనా రావచ్చు. ఏ కార్డూ అక్కర్లేదు.' చాలు. 'నిరుపేదలకు', 'అభాగ్యులకు' అనే మాటలు తీసెయ్యండి. ఆ మాట చదివి లోపలికి అడుగేస్తే, నేను అభాగ్యుణ్ణి అని ఒప్పుకున్నట్టే కదా! 2014లో హైదరాబాద్‌లో మొదలైన 5 రూపాయల భోజనం, 2018లో మొదలైన అన్న క్యాంటీన్లు చూడండి. ఆ 5 రూపాయలతో ఖర్చేమీ తీరదు. కానీ తిన్న మనిషి 'కొనుక్కుని తిన్నాను' అనుకోగలడు. మీరు ఉచితంగా పెట్టినా, పోస్టర్ మాటల్లో ఆ గౌరవం ఇవ్వొచ్చు. చదువు రానివాళ్ల కోసం విస్తరి బొమ్మ, గడియారం బొమ్మ, బాణం గుర్తు పెట్టండి. చుట్టుపక్కల వలస కూలీలు ఉంటే హిందీలోనో ఒడియాలోనో ఒక లైను కలపండి.

ఫొటో పెట్టాలనే ఉంటే వంటమనిషిని తియ్యండి, గంటె పట్టుకున్న చెయ్యిని తియ్యండి, ఆవిరి వచ్చే డేగిసాని తియ్యండి. తినేవాళ్లని తీస్తే ఫొటో వాళ్లకి చూపించి, ఇది ఎక్కడెక్కడికి వెళ్తుందో చెప్పి అడగండి. ప్లేటు చేతిలో పెట్టకముందు అడగొద్దు. అప్పుడు కాదనడం ఎవరికీ కుదరదు.

చివరిగా టెక్నికల్ విషయాలు రెండు. ఏ3 పోస్టర్ అంటే 297 బై 420 మిల్లీమీటర్లు. 300 డీపీఐకి సుమారు 3508 బై 4961 పిక్సెళ్లు కావాలి. ఫైల్ వాట్సాప్‌లో పంపితే ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపండి, లేదంటే క్వాలిటీ తగ్గించేస్తుంది.

ఆ పెద్దాయన నాకు మళ్లీ కనపడలేదు. ఆ తర్వాత కొత్త పోస్టర్ చేసి, ఆ ఆసుపత్రి గోడకి నేనే అతికించాను. విస్తరి బొమ్మ, టైము, నాలుగు చిన్న వాక్యాలు. కాసేపు అక్కడే నిలబడ్డాను. ఒకావిడ ఖాళీ కేరేజీతో వచ్చి, మెల్లగా కూడబలుక్కుని చదివి, వెనకున్నావిడతో 'కార్డేమీ అక్కర్లేదంట, రా' అంది. ఇద్దరూ వెళ్లి లైన్లో నిలబడ్డారు. ఆ పోస్టర్ ఎవరి స్టేటస్‌లోనూ తిరగలేదు.

ఈ వారం మీరు ఇలాంటి పోస్టర్ ఏదైనా చేస్తుంటే, గ్రూపులో పెట్టకముందు అక్కడ తినే ఒక్క మనిషికి చూపించండి. వాళ్లు ఏమన్నారో కింద కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.