యాత్రికులు చూడని తిరుపతి

చిత్తూరు జిల్లా పడమటి కొనయందు, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు చేరువగా గుడుపల్లె యను గ్రామము కలదు. నేను ఆ ప్రాంతపు బాలబాలికలకు చాలకాలము చదువు చెప్పితిని. ఒక సంవత్సరము ఎనిమిదవ తరగతి పిల్లలను వెంటబెట్టుకొని, గుడుపల్లెలో రైలెక్కి, కాట్పాడి మీదుగా తిరుపతికి పోయితిని. తిరిగి వచ్చిన పిదప "మీరు తిరుపతిలో చూచిన విశేషములను వ్రాయుడు" అని వారితో చెప్పితిని. అందఱి వ్రాతలలోను మూడే సంగతులు కనబడినవి: పొడవైన వరుస, రెప్పపాటు దర్శనము, లడ్డు. చదువుచుండగా నాకు నవ్వు వచ్చినది. వెంటనే సిగ్గును కలిగినది. ఏలయనగా నేను వారికి చూపినదియు అంతియే.

మఱుసటి యేడు మరల పోయితిమి. ఈసారి దర్శనముతోపాటు ఆ క్షేత్రమునందలి కళలను కూడ చూడవలెనని నిశ్చయించుకొంటిమి. ఆనాడు మేము తెలిసికొన్న విషయములనే మీకిచ్చట వివరించుచున్నాను.

తిరుమల ఆలయ మహాద్వారము దాటి లోన అడుగిడగానే కుడివైపున ఒక మండపమున్నది. అందు శ్రీకృష్ణదేవరాయలును, ఆయన దేవేరులైన తిరుమలదేవి, చిన్నాదేవులును లోహవిగ్రహముల రూపమున నిలిచియున్నారు. రాయలు 1513 మొదలు 1521 వఱకు ఏడు పర్యాయములు ఈ కొండకు వచ్చి, స్వామికి వెలలేని కానుకలు సమర్పించెను. అయినను ఆ విగ్రహమును చూడుడు. చేత కత్తి లేదు, సింహాసనము లేదు. రెండు చేతులును జోడించి, ఎదుట నడచిపోవు సామాన్య యాత్రికునివలెనే ఆయనయు నిలిచియున్నాడు. చక్రవర్తిని భక్తునిగా చూపిన ఆ శిల్పి నేర్పు గొప్పది. కాని తొందరలో పోవు జనులలో అటు తల త్రిప్పి చూచువారు అరుదు.

అదే ఆలయమున మఱియొక నిధి చిరకాలము మూతవడి యుండెను. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుండి 1503 వఱకు జీవించిన మహావాగ్గేయకారుడు. ఆయన ముప్పదిరెండు వేల సంకీర్తనలు రచించెనని ప్రసిద్ధి. ఆయన సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి, గుడిలోని ఒక చిన్న అరయందు భద్రపఱచిరి. దానికి తాళ్లపాక అర యని పేరు. తాటియాకులకు చెదపురుగు భయము కలదు, రాగికి లేదు. పూర్వుల ముందుచూపు అట్టిది. కాలక్రమమున ఆ అర సంగతిని లోకము మఱచెను. 1922 ప్రాంతమున ఆ రేకులు వెలికి వచ్చినవి. రెండువేలకు పైబడిన ఆ రేకులను విద్వాంసులు ఓపికతో చదివి, ప్రతులు వ్రాసి, అచ్చు వేయించిరి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అట్లు పాటుపడినవారిలో ముఖ్యులు. నేడు మనకు లభించిన సంకీర్తనలు 12,000కు పైగా ఉన్నవి.

ఇచ్చట ఒక విషయమును గమనింపవలెను. రేకులపై పాట యున్నది. రాగము పేరు కూడ నున్నది. కాని దానిని ఏ విధముగా పాడిరో తెలుపు స్వరములు లేవు. గురువు నోటినుండి శిష్యుని చెవికి చేరవలసిన వరుస నడుమ తెగిపోయినది. రాగి కాపాడినది మాటను మాత్రమే. పాటను కాపాడవలసినది మనుష్యులు. అందుచేతనే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు పెక్కు సంకీర్తనలకు క్రొత్తగా స్వరములు కూర్చవలసి వచ్చినది. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానములవారు ఈ సాహిత్య ప్రచారమునకై అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పిరి. మనమీనాడు ఇంటింట వినుచున్న అన్నమయ్య పాటల వెనుక ఇంత కృషి కలదు.

తిరుపతికి సుమారు ముప్పదియైదు కిలోమీటర్ల దూరమున, స్వర్ణముఖీ నదీతీరమున శ్రీకాళహస్తి యున్నది. ఆ పట్టణము కలంకారీ చిత్రములకు పుట్టినిల్లు. కలముతో చేయు పని గనుక దీనికి కలంకారీ యని పేరు. రామాయణ భారత కథలను గుడ్డపై చిత్రించి, ఆలయములలో వ్రేలాడదీయుట పూర్వాచారము. మేము ఒక చిత్రకారుని యింటికి పోగా, ఆ వృద్ధుడు పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని పని చూపించెను. మొదట నూలుగుడ్డను ఉదికి, కరక్కాయ కలిపిన పాలలో నానవైచి ఎండబెట్టుదురు.

"అయ్యా, గుడ్డకు పాలెందుకు?" అని మా పిల్లలలో ఒకడు ప్రశ్నించెను.

"పాలలో జిడ్డున్నది నాయనా. అది లేకున్న రంగు పెట్టినచోట నిలువదు, ప్రక్కలకు ప్రాకును" అని ఆయన చెప్పెను.

వెదురుపుల్ల మొన చెక్కి, దానికి గుడ్డను గాని ఉన్నిని గాని చుట్టి దారముతో బిగించినచో కలము సిద్ధమగును. చుట్టిన భాగము రంగును పీల్చుకొనును. వ్రేళ్లతో నొక్కినకొలది రంగు మొనకు దిగును. ఇనుపముక్కలను, బెల్లమును నీటిలో చాలదినములు ఊరవైచి నల్లరంగు తీయుదురు. చూచుటకు ఆ నీరు అంత నలుపు కాదు. గుడ్డలోని కరక్కాయ వగరు ఆ ఇనుపనీటితో కలిసినప్పుడే గీత నల్లబడును. ఎఱుపు కావలసినచోట మొదట పటికనీటిని పూయుదురు. పిదప గుడ్డను పాఱుటేటిలో జాడించి, ఎఱ్ఱరంగునిచ్చు వేళ్లతో కాచిన నీటిలో ఉడికింతురు. పటిక తగిలిన తావులే ఎఱ్ఱబడును. పసుపురంగునకు కరక్కపువ్వు, నీలమునకు నీలిమందు వాడుదురు. ఇట్లు పూయుట, ఉదుకుట, ఎండబెట్టుట అనేక పర్యాయములు జరిగినగాని బొమ్మ పూర్తి కాదు. 1950 నాటికి ఈ విద్య క్షీణదశలో నుండెను. ఆ దశకమున కమలాదేవి చటోపాధ్యాయ ప్రభృతుల ప్రోత్సాహముతో శ్రీకాళహస్తిలో శిక్షణ ప్రారంభింపబడి, యువకులు మరల కలము పట్టిరి. వారిలో ఒకరైన జొన్నలగడ్డ గురప్పశెట్టిగారు 2008లో పద్మశ్రీ బిరుదమును పొందిరి.

ఇక తిరుపతి పురజనుల కళ గంగమ్మ జాతర. ప్రతి సంవత్సరము మే మాసమున తాతయ్యగుంట గంగమ్మకు వారము దినములు ఈ జాతర జరుగును. పూర్వము ఒక పాలెగాడు స్త్రీలను బాధించుచుండగా గంగమ్మ వానిపై కత్తి యెత్తెననియు, వాడు దాగికొనగా ఆమె రోజునకొక వేషముతో వెదకి, తుదకు దొరవేషమున వానిని వెలికి రప్పించి సంహరించెననియు కథ. అందుచే భక్తులు బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి మున్నగు వేషములు దాల్చి వీథులలో తిరుగుదురు. మగవారు చీర కట్టి, పూలు ముడిచి, అమ్మవారి రూపమున వత్తురు. ఇచ్చట టిక్కెట్టు లేదు, రంగస్థలము లేదు, ఊరంతయు రంగస్థలమే. స్త్రీని అవమానించువాడు ఎంత బలవంతుడైనను నిలువజాలడని ఆ వేషములు ఏటేట జనులకు చెప్పుచున్నవి.

ఈ కథ విన్న మా బాలిక యొకతె "అయ్యవారూ! కుప్పములోని మన ప్రసన్న తిరుపతి గంగమ్మ పేరిటను జాతర చేయుదురు గదా! దానిని నేనెన్నడును కళ యని తలపలేదు" అనెను. నా శ్రమ ఆ మాటతో ఫలించినది. దూరపు వింతలను చూచుటకు పోయిన కన్ను, మరలి తన యింటి ముంగిటి సంపదను గుర్తించినది.

ఇంటికి వచ్చి పిల్లలు వ్రాసిన వ్రాతలు ఈసారి ఒకదానివలె నొకటి లేవు. ఒకడు రాయల జోడించిన చేతులను గూర్చి వ్రాసెను. ఒకడు పాలలో నానిన గుడ్డను గూర్చి వ్రాసెను. లడ్డును మాత్రము ఎవ్వరును మఱువలేదు!

బాలబాలికలారా! అన్నమయ్య వరుసలు తెగిపోయినవి. కలంకారీ తెగకుండ నిలిచినది. భేద మొక్కటే: ఒకదానిని నేర్చుకొనువారు కఱవైరి, రెండవదానికి సమయమున దొరకిరి. మీ యూరి కోలాటమును, వీథినాటకమును, ముగ్గును, అవ్వ పాడు పాటను ఒకసారి నిలిచి చూడుడు. ఎట్లు చేయుదురో అడుగుడు. ఆ అడుగుటతోనే కళకు ఆయువు పెరుగును.