శాంతిన్యాయ పరిశోధనమునందు వ్యాసాన్వేషణము

శాంతిని, న్యాయమును గూర్చిన పరిశోధనము ఏ యొక్క శాస్త్రమునకును లోఁబడినది కాదు. రాజనీతి, చరిత్రము, సమాజశాస్త్రము, వైద్యము మున్నగు వానియం దెల్ల దానికి సంబంధించిన వ్యాసములు చెదరియున్నవి. గ్రంథాలయపు పట్టిక పత్రిక పేరును దెలుపునే కాని యందలి ప్రతివ్యాసమును సామాన్యముగాఁ దెలుపదు. ఆ కొఱఁత దీర్చునవి డేటాబేసులు. కర్త, వ్యాసనామము, పత్రిక, సంవత్సరము, విషయము, సంగ్రహము అను వానిని వేర్వేఱుగా నమర్చి, కోరిన పదముచే వ్యాసమును వెలికిఁ దీయ వీలగునట్లు కూర్చిన సూచిక లివి. అయినను నివి సాధారణముగా నడిగిన పదమునకే యుత్తర మొసఁగును. అడుగువాని హృదయమునకుఁ గాదు. కావున నన్వేషణమునకు మూలము సంజ్ఞాజ్ఞానము.

ఇందుల కొక యుదాహరణము. 1906లో ట్రాన్స్‌వాలునందలి భారతీయు లారంభించిన ప్రతిఘటనము మొదట ‘పాసివ్ రెసిస్టెన్స్’ అని వ్యవహరింపఁబడెను. అది దుర్బలుల సాధనమను భ్రాంతికి ఆ పేరు తావిచ్చుచున్నదని తలఁచి గాంధీ ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికాముఖమునఁ గ్రొత్తపేరు గోరెను. మగన్‌లాల్ గాంధీ ‘సదాగ్రహ’ మని సూచింపఁగా గాంధీ దానిని ‘సత్యాగ్రహ’ మని దిద్దెను. పిమ్మట జీన్ షార్ప్ 1973లోఁ బ్రకటించిన గ్రంథమున ‘నాన్‌వయొలెంట్ యాక్షన్’ అనెను. ఎరికా చెనోవెత్, మరియా స్టెఫాన్ అనువారు 2008లో ‘ఇంటర్నేషనల్ సెక్యూరిటీ’ పత్రికయందు ‘సివిల్ రెసిస్టెన్స్’ అనిరి. అర్థచ్ఛాయలు భిన్నము లైనను విషయము సజాతీయము. ఒక్క పేరుతో వెదకువానికిఁ దక్కిన పేళ్లతో వెలసిన వాఙ్మయము మఱుఁగుపడును.

పర్యాయములను గూర్చుటకు మూఁడు నిపాతము లున్నవి. ‘ఆర్’ అనునది వికల్పార్థకమగు ‘వా’ వంటిది. దానిచేఁ గూడిన పదములలో నేది యున్నను వ్యాసము వచ్చును. ‘ఆండ్’ సముచ్చయార్థకమగు ‘చ’ వంటిది. రెండును నున్నఁగాని రాదు. ‘నాట్’ అనునది నఞ్ వంటిది. ముందుగాఁ బర్యాయముల నెల్ల ‘ఆర్’చేఁ గలిపి కుండలీకరణమునం దుంచి, పిదప దేశనామము నొండె వ్యక్తినామము నొండె ‘ఆండ్’చేఁ జేర్చుట క్రమము. కుండలీకరణము లేనిచో నన్వయము చెడవచ్చును. ‘నాట్’ను మితముగా వాడవలయును, యుద్ధవాచకమును నిషేధించినచో యుద్ధమును ఖండించిన వ్యాసమును దొలఁగిపోవును.

పదములను గొటేషన్ గుర్తుల నడుమ నుంచినచో నవి సమాసమువలె నేకపదముగా గ్రహింపఁబడును. పదభాగము చివర నక్షత్రపు గుర్తుంచినచోఁ బెక్కు డేటాబేసులయందుఁ బ్రాతిపదికముపైఁ బ్రత్యయములు చేరిన రూపములన్నియు వచ్చును. ఆంగ్లమున ‘నాన్‌వయొలెన్స్’, ‘నాన్‌వయొలెంట్’ అను రూపములు రెండు నట్లు లభించును. ‘నాన్’ అనుదాని పిమ్మట నడ్డగీఁత గల రూపమును వేఱుగా నడుగుట మేలు.

పెక్కు డేటాబేసులయందు విషయశీర్షికల పట్టికయుఁ గలదు. అమరకోశము పర్యాయములను వర్గములుగాఁ గూర్చినట్లే, యిదియుఁ బెక్కు పేళ్ల విషయమును నిర్ణీతమైన యొక్క శీర్షిక క్రిందికిఁ దెచ్చును. దొరకిన మంచి వ్యాసమునకు నే శీర్షిక లుంచిరో చూచి, వానితో మరల వెదకుట సులభోపాయము.

వేఱొక మార్గము వ్యాఖ్యానపరంపర వంటిది. ఉద్ద్యోతమునుండి ప్రదీపమునకును, ప్రదీపమునుండి మహాభాష్యమునకును బోవునట్లు, వ్యాసాంతమునందలి గ్రంథసూచిచే మూలమునకుఁ బోవచ్చును. ఆ వ్యాసము నుదాహరించినవారి పట్టికచే నర్వాచీనులకు దిగవచ్చును. 1969లో యోహాన్ గాల్టుంగ్ ‘జర్నల్ ఆఫ్ పీస్ రీసెర్చ్’ నందు, ఒకఁడు వేఱొకనిని గొట్టుట యొకటియే హింస కాదనియు, సంఘనిర్మాణమే కొందఱ యాయువును హరించినచో నదియు హింస యనియు, యుద్ధాభావము మాత్రమే సంపూర్ణశాంతి కాదనియుఁ బ్రతిపాదించెను. శాంతియు న్యాయమును గలియు చోటిది. అతఁడు వాడిన ‘స్ట్రక్చరల్ వయొలెన్స్’ అను సంజ్ఞనే పాల్ ఫార్మర్ మున్నగువారు 2006లో ‘ప్లాస్ మెడిసిన్’ అను వైద్యపత్రికయందుఁ బ్రయోగించిరి. రాజనీతి డేటాబేసు నొక్కదానినే చూచువాని కిది దొరకుట దుర్లభము.

ఒక్కొక్క డేటాబేసునకు నొక్కొక్క యవధి గలదు. 1995లో స్థాపింపఁబడిన జేస్టారునందుఁ బ్రాచీనసంచికలు పుష్కలముగా నున్నను, పెక్కు పత్రికల యిటీవలి సంచికలు కొన్నియేండ్లు గడచినఁగాని చేరవు. భాషావిషయమున లోపము మఱియు నధికము. 1921లోఁ జీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమునఁ బురపాలకసంఘపు పన్నుల నెదిరించి, యూరు విడిచి వెలుపల గుడిసెలలో నెలల తరబడి నివసించిరి. దీనిని గూర్చి వెదకువాఁడు గోపాలకృష్ణయ్య నామమునకు నాంగ్లమునఁ గల వర్ణక్రమభేదముల నన్నింటిని నడుగవలయును. అంతటితో నిలువక తెలుఁగు పత్రికల పాతసంచికలను స్వయముగాఁ జూడవలయును; ఏలయన నవి యాంగ్ల డేటాబేసుల కెక్కుట మిక్కిలి యరుదు.

అనుపలబ్ధి యభావమును సాధింపవలె నన్న నది యోగ్యానుపలబ్ధి కావలయును. ఉన్నచోఁ గనఁబడఁదగిన తావున, నుండఁదగిన పేళ్లన్నిటితో వెదకినను గనఁబడనిదే లేనిది. అట్లు వెదకక ‘ఈ జనుల బాధను గూర్చి యెవ్వరును వ్రాయలే’ దని తేల్చినచో, ఒకసారి యన్యాయమున కెరయైనవారికి శాస్త్రము పేర రెండవ యన్యాయము జరుగును. కావున నీ పరిశోధనమునందు వెదకిన పదములను, డేటాబేసులను, దినములను వ్రాసియుంచుకొనుట ప్రమాణరక్షణమే యగును.