క్రొత్త రంగునకు మెఱుగు పెట్టుట

పంచాయతీ ట్రాక్టరునకు రంగు వేయించినప్పుడు పైపూత తఱచుగా నారింజ తొక్కవలె మిట్టపల్లములుగా నుండును. మెఱుగు పెట్టుట యనగా రంగును చేర్చుట గాదు, మిట్టలను అరగదీయుట. చదునైన తలముపై పడిన వెలుతురు ఒకే దిక్కునకు మరలును. అదియే అద్దపు మెఱుపు.

పూత బాగుగా గట్టిపడిన పిమ్మట, రబ్బరు దిమ్మకు 1500 నంబరు వాటర్ పేపరు చుట్టి, నీటితో తడుపుచు తేలికగా రుద్దవలెను. మొదటి గీతలను పోగొట్టుటకు 2000 నంబరు. పిదప రబ్బింగ్ కాంపౌండు. అంచులయందు పూత పలుచన గావున అచ్చట రుద్దరాదు. రంగులేని పైపూత గల బండిపై రుద్దినపుడు తెల్లని నీరు కారవలెను. రంగునీరు కారినచో ఎండనుండి రంగును కాపాడు ఆ పూత పోయినట్లే. మరల పూయింపక తప్పదు, ఆ ఖర్చు గ్రామనిధిపై పడును. చెత్త మోయు ట్రెయిలరునకు ఈ పని అక్కరలేదని మా యభిప్రాయము. ట్రాక్టరు విషయమున మాత్రము, బిల్లు మంజూరునకు ముందు దానిని ఎండలో నిలిపి బానెట్టు అంచులను సభ్యులే పరీక్షింపవలెను.