బజారుకు కొలత ఏదీ?

తెల్లారగట్ల ఐదున్నరకు ఖమ్మం జిల్లా వేంసూరు వైపు వచ్చే ఏ రోడ్డు మీదైనా కాసేపు నిలబడితే వాళ్ళు కనిపిస్తారు. ఇద్దరిద్దరుగా, ముగ్గురేసిగా ఆడవాళ్ళు. కొంగు నడుముకు దోపుకుని, కాళ్ళకు రబ్బరు చెప్పులు, చేతిలో సెల్‌ఫోన్ లైటు. వెనక నుంచి పామాయిల్ గెలల ట్రాక్టరో, టిప్పరో వస్తుంటే మాటలాపి, రోడ్డు దిగి గడ్డిలో నిలబడతారు. బండి పోయాక కాళ్ళ కింద పురుగూ పుట్రా ఏమైనా ఉందేమోనని లైటు వేసి చూసుకుని మళ్ళీ ఎక్కుతారు. అరగంట నడకలో ఎన్నిసార్లు దిగాలో, ఎన్నిసార్లు ఎక్కాలో. వానాకాలంలో ఆ దిగే చోటు కూడా బురదే.

వీళ్ళు సరదాకు నడిచేవాళ్ళు కారు. షుగరు వచ్చిందనో, బీపీ దిగడం లేదనో డాక్టరు రోజూ అరగంట నడవమన్నాడు. బిళ్ళలు ఏ పూట ఎన్ని వేసుకోవాలో చీటీలో రాసి ఉంటుంది. నడక సంగతి నోటిమాటే. ఎక్కడ నడవాలన్నది ఎవరూ చెప్పరు. ఊళ్ళో బజారు ఇరుకు, కుక్కలు, పేడ, మురుగు. ఊరు దాటితే తారు రోడ్డు, దాని మీద లారీలు. ఆ రెంటి మధ్య మనిషి నడవడానికి వదిలిన చోటు లేదు. ఈ కష్టం ఇవాళ నిన్న పుట్టింది కాదు. దవాఖానాకు దారి లేకపోవడం, బోరు ఎండిపోవడం లాగా ఇది ధర్నాల దాకా రాదు, పేపర్లో పడదు. అందుకే ఎవరికీ పట్టలేదు.

పల్లెటూరి వాళ్ళకు వ్యాయామం ఎందుకు, పొలం పని చాలదా అని పట్నంలో వాళ్ళే కాదు, మన ఊళ్ళలోనూ చాలామంది అంటారు. ఒకప్పుడు ఆ మాట నిజం. వరి నాట్లు, కలుపు, మిరప కోతలు, మామిడి తోటలకు కావిళ్ళతో నీళ్ళు. పొలానికి పోవడం రావడంలోనే కోసు దూరం కాళ్ళ కింద పోయేది. ఇప్పుడు ఈ వేంసూరు మండలంలోనూ, పక్కన సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేటల్లోనూ ఎటు చూసినా పామాయిల్ తోటలే. రైతుకు ఆ తోట మేలు చేసింది, నేను కాదనను. ఒకసారి నాటితే పాతికేళ్ళకు పైగా కాపు, పది పదిహేను రోజులకోసారి గెలలు దించడం, ట్రాక్టరుకెత్తి అశ్వారావుపేటకో అప్పారావుపేటకో ఫ్యాక్టరీకి పంపడం. గెలలు కోసేది పొడవాటి గడకు కత్తి కట్టి, అదీ మగవాళ్ళ పని. నాటు వేసే చేతులకు, కలుపు తీసే నడుములకు ఆ తోటలో పెద్దగా పని దొరకదు. పొలం పని తగ్గింది ముఖ్యంగా ఆడవాళ్ళకు. ఇంటికో మోటారు సైకిలు వచ్చింది గనుక మగవాళ్ళు కూడా డొంకలో కాలు పెట్టడం లేదు.

దేశం లెక్కలూ ఇదే చెబుతున్నాయి. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్ళలో సగం మందికి ఒంటికి కావలసినంత కదలిక లేదు. మగవాళ్ళలో 42 శాతం, ఆడవాళ్ళలో 57 శాతం. కావలసినంత అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నిమిషాల మోస్తరు శ్రమ. రోజుకు ఇరవై నిమిషాలు చురుగ్గా నడిస్తే దాదాపు సరిపోతుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు జబ్బు ఉందని తేల్చింది. వీళ్ళంతా పట్నాల వాళ్ళు అనుకోవద్దు.

పల్లె పట్నంలా మారుతుంటే పల్లెటూరి మనిషి ఒంటికి ఏమవుతుందన్న ప్రశ్న మీద మన తెలుగు నేలలోనే పెద్ద పరిశోధన జరుగుతోంది. హైదరాబాదు దగ్గర రంగారెడ్డి జిల్లాలో 29 ఊళ్ళు. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు కొన్ని ఊళ్ళలో గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారం పెట్టించి, కొన్ని ఊళ్ళను పోలిక కోసం ఉంచారు. ఆ పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ వెతికి పట్టుకుని బరువు, బీపీ, రక్తంలో చక్కెర, రక్తనాళాల స్థితి కొలుస్తూ వచ్చారు. వాళ్ళ తల్లిదండ్రులనూ కలుపుకున్నారు. ఏ ఊరు ఎంత పట్నమయిందో తెలుసుకోవడానికి రాత్రిపూట ఆకాశం నుంచి ఉపగ్రహం తీసిన ఫొటోల్లో ఆ ఊరి దీపాల వెలుతురును కూడా లెక్కలోకి తీసుకున్నారు. కూడు లేక బక్కచిక్కిన పిల్లల కోసం మొదలైన పని, ముప్పై ఏళ్ళు తిరిగేసరికి గుండె జబ్బుల మీద అధ్యయనమయింది. మన పల్లెల కథ కూడా అంతే వేగంగా మారింది.

నడిచే చోటు మాత్రం పట్నానికే దక్కింది. వేంసూరు పేరు మీద ఒకప్పుడు అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది. జలగం వెంగళరావు 1973 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యేనాటికి వేంసూరు ఎమ్మెల్యే. 1978 ఎన్నికలకు ఆ నియోజకవర్గం పోయి సత్తుపల్లి వచ్చింది. ఆయన పేరున హైదరాబాదు బంజారాహిల్స్‌లో పార్కు ఉంది. పొద్దునా సాయంత్రం అక్కడ చెట్ల కింద జనం నడుస్తుంటారు. నడవడానికి పనిగట్టుకుని వేసిన దారి, మధ్యలో కూర్చోవడానికి బల్లలు, బండి భయం లేదు. 2023లో అదే నగరంలో అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు, ఎండ తగలకుండా పైన సౌర పలకల కప్పుతో. అవి ఉండాలి, అలాంటివి ఇంకా రావాలి. ఆయనను అసెంబ్లీకి పంపిన ఊళ్ళలో ఆడకూతురికి తారు రోడ్డు పక్కన ఆరడుగుల నేల అడగడం కూడా ఎక్కువ కాదని చెప్పడానికే ఈ రెండూ ఎత్తాను.

పాత ఊరికి ఒక అమరిక ఉండేది. ఇంటి ముందు అరుగు, బజారు మలుపులో రావిచెట్టు, దాని కింద రచ్చబండ, చెరువు కట్ట, పొలాలకు పోయే డొంక. మనిషి గడప దాటితే కాళ్ళకు దారి, కూర్చోవడానికి నీడ ఉండేవి. ముసలివాళ్ళు ఆ అరుగు నుంచి ఈ అరుగుకు పోయి వచ్చేసరికే నాలుగు అడుగులు పడేవి. కానీ ఆ ఊరు అందరిదీ కాదన్నది మరిచిపోకూడదు. మాలపల్లె, మాదిగపల్లె ఊరికి ఎడంగా పల్లపు నేలలో ఉండేవి. ఆ అరుగుల మీద కూర్చునే హక్కు అందరికీ లేదు, ఆ బజారున చెప్పులేసుకుని నడిచే హక్కు కూడా లేదు. కనుక పాత ఊరిని తిరిగి తెచ్చుకోవాలని నేను అనను. నీడ, అరుగు, డొంక ఈసారి అందరికీ కావాలంటాను.

కొత్త కాలనీలు ఆ పని చేయగలిగేవి. చేయలేదు. ఎన్టీఆర్ కాలం నుంచీ పేదల ఇళ్ళ కాలనీలు ఊరి చివర చవగ్గా దొరికిన నేల చూసి కట్టారు. బడి, రేషను షాపు, కిరాణా కొట్టు, బస్సు ఆగే సెంటరు మెయిన్ రోడ్డుకు అవతల ఉంటే కాలనీ ఇవతల. పిల్లవాడు పెన్సిలు కొనుక్కోవాలన్నా రోడ్డు దాటాలి, కనుక నాన్న బండి మీద పోవాలి. 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం పథకంలో ఇంటికి 560 చదరపు అడుగులని కొలత పెట్టారు. 2024 మార్చి 11న మన భద్రాచలంలోనే ప్రారంభించిన ఇందిరమ్మ ఇళ్ళకు తక్కువలో తక్కువ 400 చదరపు అడుగులన్నారు, సొంత జాగా ఉన్నవాళ్ళకు 5 లక్షల సాయమన్నారు. పునాదికి ఇంత, గోడలకు ఇంత, స్లాబుకు ఇంత అని విడతలవారీగా డబ్బు. ఇంటికి గోడలు ఎంతవరకు లేచాయో ఫొటో తీసి యాప్‌లో పెడితే గానీ బిల్లు రాదు. అంత పక్కాగా ఇల్లు కొలిచే ప్రభుత్వం ఆ ఇంటి ముందున్న బజారును ఎందుకు కొలవదు? ప్రైవేటు వెంచరుకైతే పంచాయతీ లేఅవుట్ నిబంధనలు 2002 నుంచీ పదో వంతు నేల ఖాళీగా వదలమంటున్నాయి. పేదవాళ్ళ కాలనీలో ఆ పదో వంతు ఎక్కడుందో సర్వే నంబరు పట్టుకుని వెతికి చూడండి.

ఇక ఉన్న బజార్ల సంగతి. సీసీ రోడ్డు వచ్చింది, బురద పోయింది, అది నిజంగా మంచి పని. కానీ రోడ్డు పోసేటప్పుడు ఇటు గోడ నుంచి అటు గోడ దాకా బండ్ల కోసమే పోశారు. అంచున సైడు కాలువ తెరిచే ఉంది. ఇళ్ళ వాళ్ళు బండి ఎక్కించుకోవడానికి కాలువ మీదుగా సిమెంటు ర్యాంపులు పోసుకున్నారు, ఒక్కొక్కటి ఒక్కో ఎత్తు. ముసలమ్మ ఆ బజారున నడవాలంటే బండికి దారి ఇవ్వాలి, కాలువలో పడకూడదు, ర్యాంపు తగలకూడదు. దాంతో గడప దాటడం మానేసింది. ఈ కాలువలోనే మందు ఉందని నా నమ్మకం. దాని మీద పలకలు పరచండి, తీసి పూడిక ఎత్తుకోవడానికి వీలుగా. ర్యాంపులన్నీ పలకల ఎత్తుకు సమం చేయించండి. మూడడుగులో నాలుగడుగులో ఎక్కువ తక్కువలు లేని దారి బజారు పొడుగునా వస్తుంది. పిల్లల తోపుడు బండికీ, చేతికర్రకూ, చక్రాల కుర్చీకీ అది చాలు. దోమలు తగ్గడం అదనపు లాభం.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి కింద ఊరూరా పల్లె ప్రకృతి వనం వచ్చింది. 2022 జూన్ 2 నుంచి క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. వాలీబాల్ కోర్టు, కబడ్డీ, ఖోఖో, వేలాడే కడ్డీలు, రంగు బోర్డు. ఆలోచన చక్కనిది. నేల దొరికిన చోట పెట్టారు కనుక చాలా ఊళ్ళలో ఈ రెండూ ఊరికి అవతల, శ్మశానం పక్కనో, డంపింగ్ యార్డు పక్కనో పడ్డాయి. అక్కడికి పోవాలంటే మళ్ళీ ఆ లారీల రోడ్డే గతి. చీకటి పడ్డాక ఆడపిల్ల ఒంటరిగా పోలేదు. గడ్డి మొలిచింది, కడ్డీలు తుప్పు పట్టాయి. వాడరు కనుక పాడైంది, పాడైంది కనుక వాడరు. ఊరి నడుమ అర ఎకరం బదులు పది సెంట్లు దొరికినా, ఇంటి నుంచి పిలిస్తే వినపడే దూరంలో ఉంటే పిల్లలు దానిని అరగదీసి వదులుతారు. బడి ఆవరణే అలాంటి చోటు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా గేటు తీసి ఉంచితే కొత్తగా నేల కొనాల్సిన పని లేదు.

నీడ మాట విడిగా చెప్పాలి. ఖమ్మం ఎండలు తెలిసినవాళ్ళు మే నెలలో పొద్దున్న ఏడు దాటాక నడవమని ఎవరికీ చెప్పరు. హరితహారంలో రోడ్ల వెంట మొక్కలు నాటారు, కొన్ని చెట్లయ్యాయి కూడా. కరెంటు తీగలకు తగులుతాయని ఏటా తలలు నరుకుతున్నారు. వేప, కానుగ, నేరేడు తీగలకు ఎడంగా, నడిచేవాడి నెత్తి మీద నీడ పడేటట్టు నాటాలి. బజారుకు పడమటి వైపు ఒక వరస చెట్లుంటే సాయంత్రం నాలుగున్నరకే ముసలివాళ్ళు బయటికొస్తారు.

డొంకల సంగతి ఇంకా తొందరది. రెవెన్యూ నక్షాలో ఇప్పటికీ బండ్ల బాటలుగా ఉన్నవి నేల మీద సన్నబడి, కొన్నిచోట్ల తోట కంచెలో కలిసిపోయాయి. దీనికి తోడు ఖమ్మం నుంచి దేవరపల్లి దాకా 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డు రహదారి ఈ మండలం మీదుగానే పోతోంది. నాలుగు వరసల రోడ్డు, ఎక్కడబడితే అక్కడ దాటడానికి ఉండదు, కింద దారి పెట్టిన చోటే దాటాలి. రైతు తన చేనుకు పోవడానికి ఎంత చుట్టు తిరగాలో అడిగాడు, అది న్యాయం. ఆ కింద దారుల్లో లైటు ఉందా, వాన నీళ్ళు నిలుస్తాయా, సైకిలు మీద బడికి పోయే ఆడపిల్ల భయం లేకుండా దాటగలదా అన్నవి కూడా అడగాలి. నక్షాలో ఉన్న డొంకలు కొలిపించి, మొరం పోసి, రెండు వైపులా చెట్లు నాటితే ఊరి చుట్టూ నడకదారి తయారవుతుంది. కొత్తగా సేకరించాల్సిన నేల ఏమీ ఉండదు, అది ఊరి ఉమ్మడి సొత్తే.

రోడ్డు మీద నడవడం ఎంత ప్రమాదమో లెక్కలు చెబుతాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి పోతున్నవాళ్ళు. 2025 మే 14న సుప్రీంకోర్టు నడకదారి మీద హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ తీర్పు పట్నాల ఫుట్‌పాత్‌ల గురించే అనుకుంటారు. 21వ అధికరణం వేంసూరు మండలానికీ వర్తిస్తుంది.

2024 ఫిబ్రవరి నుంచి పంచాయతీలకు సర్పంచులు లేక ప్రత్యేక అధికారుల పాలనలో గడిచింది. 2025 డిసెంబరులో ఎన్నికలై కొత్త పాలకవర్గాలు వచ్చాయి. సర్పంచి గారూ, వార్డు సభ్యులూ, మిమ్మల్ని అడిగేది పెద్ద పార్కు కాదు. ఈసారి సీసీ రోడ్డుకు అంచనా వేయించేటప్పుడు కాలువ మీద పలకల ఖర్చు అందులో రాయించండి. ఇందిరమ్మ ఇళ్ళకు ముగ్గు పోసేనాడు టేపు పట్టుకుని బజారు కూడా కొలిపించండి. ఊరి డొంకల జాబితా తహసీల్దారు కార్యాలయం నుంచి తెప్పించి గ్రామసభలో చదివించండి. అమ్మలూ, అక్కలూ, ఆ గ్రామసభకు మీరూ రండి. తెల్లారగట్ల లైటు పట్టుకుని ఎన్నిసార్లు రోడ్డు దిగారో మీరే చెప్పండి. తీర్మానంలో రాసేదాకా లేవకండి.