మీకు తెలుసా? రేడాన్ ఉంటే అద్దె ఒప్పందం రద్దు!

అమెరికాలోని ఇల్లినాయిస్‌లో అద్దె ఇంట్లో రేడాన్ వాయువు మోతాదు మించి ఉండి, దాన్ని తగ్గించడానికి యజమాని ముందుకు రాకపోతే, అద్దెకున్నవారు ఒప్పందాన్ని గడువుకు ముందే రద్దు చేసుకోవచ్చు. 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది.

గాలిలో లీటరుకు 4 పికోక్యూరీలు (రేడియోధార్మికత కొలత), అంతకు మించి ఉంటే ప్రమాదంగా లెక్కిస్తారు. ఒప్పందం మొదలైన 90 రోజుల్లోపు అద్దెకున్నవారికి సొంతంగా పరీక్ష చేసుకునే హక్కుంది. మూడో అంతస్తులోనూ ఆపైనా ఉన్న ఇళ్లకు మాత్రం ఈ నిబంధన వర్తించదు. నేలలోని యురేనియం నుంచి పుట్టే రేడాన్ ఎక్కువగా పునాది పగుళ్లలోంచి ఇంట్లోకి చేరుతుంది మరి. రంగూ వాసనా ఉండవు. అక్కడ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత పెద్ద కారణం ఇదే.

మన దేశంలో 2021 నాటి నమూనా అద్దె చట్టంలో రేడాన్ ప్రస్తావనే లేదు. పలకల గనుల మార్కాపురంలోనైనా, నల్లమల అంచున గిద్దలూరులోనైనా అద్దెకుండేవారికి ఈ విషయంలో చట్టం అండ లేదు. ఇది తీర్చాల్సిన లోటు. అందాకా రోజూ కిటికీలు తెరిచి ఇంట్లో గాలి ఆడనివ్వండి. మీ పిల్లలు ఇల్లినాయిస్‌లోని షికాగో వైపు అద్దె ఇల్లు వెతుకుతుంటే, సంతకం పెట్టేముందే రేడాన్ పరీక్ష కాగితాలు అడగమనండి.