టైరు మీద ఏం రాసి ఉంది?

కూరగాయలు సంతకు చేరాలంటే బండి కావాలి. ఇప్పుడు చాలా ఊళ్ళలో పికప్ బండ్లు తిరుగుతున్నాయి. బండికి ఇంజను ఎంత ముఖ్యమో టైర్లూ అంతే ముఖ్యం. టైరు పగిలితే బండి తిరగబడవచ్చు. సరుకు పోతుంది. ప్రాణమే పోవచ్చు. అందుకే టైర్లు కొనేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ళు కూడా వెళ్ళాలి. చూడాలి. చదవాలి.

ఏ దారికి ఏ టైరు?

తారు రోడ్డు టైరు: గాడులు సన్నగా ఉంటాయి. డీజిలు తక్కువ అవుతుంది. బురదలో మాత్రం జారుతుంది.

బురద టైరు: దిమ్మలు పెద్దవి, గాడులు వెడల్పు. బురదలో మంచి పట్టు ఉంటుంది. తారు రోడ్డు మీద మోత చేస్తుంది, త్వరగా అరుగుతుంది.

ఆల్ టెరైన్ టైరు: ఇది రెండింటికీ నడుమ రకం. మట్టి, కంకర, తారు అన్నిటి మీదా పోతుంది. అయితే గాడుల్లో నల్లరేగడి బురద కూరుకుపోతే ఇదీ జారుతుంది.

బండి ఎక్కువగా ఎక్కడ తిరుగుతుంది? లెక్క వేయాలి. పది కిలోమీటర్లలో తొమ్మిది తారు రోడ్డే అయితే మామూలు టైరు చాలు. సగం మట్టిబాట, కంకరబాట అయితే ఆల్ టెరైన్ మేలు.

అంకెలు ఏం చెబుతాయి?

టైరు పక్కన 215/75 ఆర్ 15 100 అని ఉందనుకోండి. 215 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. టైరు ఎత్తు అందులో నూటికి 75 పాళ్ళు. ఆర్ అంటే రేడియల్ రకం. 15 అంటే రిమ్ము 15 అంగుళాలు. బండి పుస్తకంలో రాసిన సైజే కొనాలి.

చివరి 100 బరువు గుర్తు. అంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుంది. నాలుగూ కలిసి 3,200 కిలోలు. బండి బరువు కూడా అందులోనే! ఈ అంకె తక్కువున్న టైరు చవకగా వస్తుందని కొనకూడదు.

ఇంకోచోట నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. పాత సరుకు అంటగట్టకుండా ఇది చూసుకోవాలి. బిల్లు అడిగి తీసుకోవాలి.

ఎప్పుడు మార్చాలి?

గాడి లోపల చిన్న గట్టు ఉంటుంది. టైరు అరిగి దానితో సమమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. వెంటనే మార్చాలి. లేకపోతే వానలో బండి జారుతుంది.

గాలి తక్కువైనా టైరు వేడెక్కి పగులుతుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించాలి.

గుర్తుంచుకోండి: పికప్ సరుకుల బండి. టైర్లు ఎంత మంచివైనా కూలీలను వెనక ఎక్కించకూడదు. చట్టం ఒప్పదు.

చెప్పండి:
1. 0522 అని ఉన్న టైరు ఏ సంవత్సరం, ఏ వారం తయారైంది?
2. మీ ఊరి దారికి ఏ టైరు మంచిది? ఎందుకు?